ఫోన్ నిండిపోయిందా? క్యాచీ, స్టోరేజ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న మా చుట్టాలందరికీ ఫోన్ల సంగతి నాకే తెలుసని ఎవరు చెప్పారో గానీ, ఏ పెళ్ళికెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఫోన్ చేతిలో పెట్టి "ఇదేటో చూడరా, ఫొటో తీస్తుంటే ఖాళీ లేదంటోంది" అంటారు. అడిగిందే అడుగుతారు, చెప్పిందే చెప్తాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. ఎక్కువ భాగం ఆండ్రాయిడ్ గురించే, ఐఫోన్ వాళ్ళకి కింద విడిగా ఉంది. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, కంగారు పడకండి, సెట్టింగ్స్‌లో పైన వెతికే గడి ఉంటుంది, అందులో "స్టోరేజ్" అని కొడితే దొరికేస్తుంది.

"స్టోరేజ్ ఫుల్" అని వస్తోంది. ముందు ఏం చేయాలి?

ముందు ఏమీ డిలీట్ చేయకండి. ఖాళీ లేదనగానే టెన్షన్‌లో చేతికి దొరికిన ఫొటోలు తీసేస్తుంటారు. ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, వంద తీసినా అర జీబీ కూడా రాదు, తీరా చూస్తే పోయినవి పాప అన్నప్రాసన ఫొటోలు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. యాప్స్ ఎంత, వీడియోలు ఎంత, ఫొటోలు ఎంత, సిస్టమ్ ఎంత అని రంగురంగుల గీత కనిపిస్తుంది. ఏ రంగు పొడుగ్గా ఉంటే దాని మీద పడండి, మిగతావాటి జోలికి ఇప్పుడు వద్దు.

నేను చూసిన ఫోన్లలో ఆ పొడుగు గీత దాదాపు ఎప్పుడూ వాట్సాప్‌దో, సొంతంగా తీసిన వీడియోలదో. క్యాచీది అయిన సందర్భాలు తక్కువ. అందరూ క్యాచీ క్లియర్ చేయమని చెప్తారు కాబట్టి ఆ ముక్క కూడా వివరంగా చెప్తాను, కానీ అసలు బరువు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

అసలు క్యాచీ అంటే ఏంటి? అది చెత్తా?

చెత్త కాదు. రోజూ వాడే ఆవాలు, జీలకర్ర అటక మీద డబ్బాల్లోంచి ప్రతిసారీ దించుకోలేక పొయ్యి పక్కన పోపుల డబ్బాలో పోసుకుంటాం కదా, యాప్ చేసే పని కూడా అదే. మీరు ఒకసారి చూసిన ఫొటో, ప్రొఫైల్ బొమ్మ, వీడియో ముక్క మళ్ళీ అడిగితే ఇంటర్నెట్ నుంచి తెచ్చే పని లేకుండా ఫోన్‌లోనే ఒక కాపీ ఉంచుకుంటుంది. దానివల్ల యాప్ తొందరగా తెరుచుకుంటుంది, మీ డేటా ప్యాక్ కూడా కొంత మిగులుతుంది. కొన్ని యాప్స్‌కి మాత్రం దీని మీద అదుపు ఉండదు, జీబీలకి జీబీలు పోగేస్తాయి. అప్పుడే మనం చెయ్యి పెట్టాలి.

క్లియర్ క్యాచీ, క్లియర్ డేటా రెండూ ఒకటేనా?

కాదు! ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇది మాత్రం చదవండి.

సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, ఒక యాప్ ఎంచుకుని, స్టోరేజ్ అనే చోట నొక్కితే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి క్లియర్ క్యాచీ. ఇది నొక్కితే ఆ తాత్కాలిక కాపీలు పోతాయి, అంతే, లాగిన్ పోదు, చాట్లు పోవు, తర్వాత యాప్ ఒకట్రెండు సార్లు నెమ్మదిగా తెరుచుకుంటుంది. రెండోది క్లియర్ డేటా, కొన్ని ఫోన్లలో దీన్నే క్లియర్ స్టోరేజ్ అంటారు. ఇది నొక్కితే యాప్ ఇప్పుడే కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు అయిపోతుంది. లాగిన్, సెట్టింగ్స్, ఫోన్‌లోనే దాచుకున్న సమాచారం అన్నీ పోతాయి. అకౌంట్‌కి కలపని ఆట అయితే ఆడిన లెవెల్స్ అన్నీ గోవిందా.

వాట్సాప్ మీద క్లియర్ డేటా నొక్కితే చాట్లన్నీ పోతాయి. చివరిసారి బ్యాకప్ ఎప్పుడయిందో అప్పటి వరకే వెనక్కి వస్తాయి, బ్యాకప్ పెట్టుకోకపోతే అదీ కష్టమే. మా పిన్ని ఫోన్‌లో ఒక కుర్రాడు సాయం చేద్దామని ఇదే నొక్కాడు. పాపం మంచి ఉద్దేశంతోనే. కానీ ఎక్కడో దుబాయ్‌లో ఉన్న కొడుకు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆవిడ రోజూ పడుకునే ముందు వినేది, అవి లేకుండా పోయాయి. కాబట్టి క్లియర్ డేటా అన్న మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి, అది అడిగేది చదివాకే "ఓకే" నొక్కండి.

అన్ని యాప్స్ క్యాచీ ఒకేసారి పోయే బటన్ ఉండేది, ఇప్పుడేదీ?

ఉండేది, నిజమే. పాత ఆండ్రాయిడ్‌లో స్టోరేజ్‌కి వెళ్తే "క్యాచ్డ్ డేటా" అని ఒక వరుస ఉండేది, నొక్కితే మొత్తం పోయేది. 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చినప్పుడు అది తీసేశారు. అప్పట్నించీ ఒక్కో యాప్‌కి ఇంత క్యాచీ అని సిస్టమే లెక్క పెట్టుకుంటుంది, ఫోన్‌లో చోటు తగ్గినప్పుడు ఆ లెక్క దాటిన యాప్స్ క్యాచీ ముందు తుడిచేస్తుంది. మీరు అడగక్కర్లేదు, అది దాని పని అది చేసుకుంటుంది.

అయినా ఒకేసారి తుడవాలనిపిస్తే కంపెనీ వాళ్ళే ఫోన్‌తో ఇచ్చిన పనిముట్లు ఉన్నాయి. శామ్‌సంగ్‌లో డివైస్ కేర్, షావోమీలో క్లీనర్, రియల్‌మీ, వన్‌ప్లస్‌లలో ఫోన్ మేనేజర్. అవి చాలు.

క్యాచీ తుడిచిన రెండు రోజులకే మళ్ళీ నిండిపోతోంది, ఎందుకు?

యాప్ వాడుతున్నారు కాబట్టి. దీన్ని ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. రోజూ పొద్దున లేవగానే క్యాచీ తుడిచేవాళ్ళు ఉన్నారు, దాని వల్ల ఒరిగేదేమీ లేదు, అవే బొమ్మలు మళ్ళీ డౌన్‌లోడ్ అవుతాయి, డేటా ఖర్చు.

మరి ఏ యాప్‌ల క్యాచీ తుడిస్తే ఉపయోగం?

బొమ్మలూ వీడియోలూ దండిగా చూపించేవి: ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, క్రోమ్, షాపింగ్ యాప్స్. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసేవాళ్ళ ఫోన్‌లో అదొక్కటే జీబీ దాటి ఉండటం మామూలే. యాప్స్ జాబితాని సైజు ప్రకారం పేర్చుకుని పైనున్న ఐదారు యాప్స్ చూస్తే సరిపోతుంది, మిగతా యాభై యాప్స్‌లో తలో 20 ఎంబీ కోసం మధ్యాహ్నమంతా కూర్చోవద్దు.

ఇంకో సందర్భంలో కూడా క్యాచీ తుడవడం పనికొస్తుంది. యాప్ తెరవగానే మూసుకుపోవడం, పేజీ సగంలో ఆగిపోవడం, ప్లే స్టోర్‌లో డౌన్‌లోడ్ "పెండింగ్" అని కూర్చోవడం లాంటివి జరిగితే మొదటి మందు ఇదే.

క్రోమ్‌లో మాత్రం కొంచెం చూసుకోండి. బ్రౌజింగ్ డేటా డిలీట్ చేసే చోట హిస్టరీ, కుకీలు, క్యాచీ బొమ్మలు అని విడివిడిగా టిక్కులు ఉంటాయి. కుకీల టిక్కు తీయకుండా నొక్కితే అన్ని సైట్లలోంచి లాగౌట్ అయిపోతారు. చోటు కోసమైతే బొమ్మలూ ఫైల్స్ టిక్కు ఒక్కటే ఉంచండి.

వాట్సాప్‌ని ఎలా తగ్గించాలి?

ఇక అసలు విషయానికి వచ్చాం. ఇక్కడ క్లియర్ క్యాచీ నొక్కితే ఏమంత రాదు, ఎందుకంటే వాట్సాప్ బరువంతా క్యాచీలో ఉండదు, గ్రూపుల్లో వచ్చిన ఫొటోలు, వీడియోల్లో ఉంటుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, చుట్టాల గ్రూపు. పొద్దున ఆరింటికి సింహాద్రి అప్పన్న ఫొటోతో శుభోదయం ఒక్కటే ఐదు గ్రూపుల్లోంచి వస్తుంది.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. పైన "చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి" అని ఒకటి, "5 ఎంబీ కంటే పెద్దవి" అని ఒకటి ఉంటాయి. కింద ఏ చాట్ ఎంత తింటోందో పెద్ద నుంచి చిన్న వరుసలో ఉంటుంది. ముందు ఫార్వర్డ్‌లు తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి తీసేయండి, వాటిలో మీకు కావాల్సింది ఉండే అవకాశం దాదాపు లేదు. తర్వాత 5 ఎంబీ పైవి. ఇక్కడ తొందరపడొద్దు, వీటిలో పిల్లల వీడియోలు, ఇంటి కాగితాల పీడీఎఫ్‌లు కూడా ఉంటాయి, ఒక్కోటి చూసుకుంటూ వెళ్ళండి. కావాల్సినవి ముందు వేరేచోట దాచుకోండి, ఎందుకంటే ఇక్కడ తీసేసిన పాత వీడియో మళ్ళీ కావాలంటే పంపినవాళ్ళనే అడగాల్సి వస్తుంది.

అంతకంటే ముఖ్యం, మళ్ళీ నిండకుండా ఆపడం. అదే స్టోరేజ్ అండ్ డేటా పేజీలో కింద ఆటో డౌన్‌లోడ్ ఉంటుంది. వైఫైలో ఉన్నప్పుడు అన్నీ దిగిపోయేలా ముందే పెట్టి ఉంటుంది. ఇంట్లో వైఫై వేయించుకున్న దగ్గర్నుంచి ఫోన్లు తొందరగా నిండిపోవడానికి ఒక కారణం ఇదే. వీడియోల టిక్కు తీసేయండి, మొబైల్ డేటాలోనూ తీసేయండి. కావాల్సిన వీడియో వచ్చినప్పుడు దాని మీద నొక్కితే దిగుతుంది.

నేను పంపిన ఫొటోలు కూడా చోటు తింటాయా?

తింటాయి, ఈ సంగతి చాలామందికి తెలీదు. గ్యాలరీలోంచి ఒక వీడియో పంపితే వాట్సాప్ దాన్ని కుదించి ఇంకో కాపీ చేసుకుని "సెంట్" అనే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్, మీడియా, తర్వాత వాట్సాప్ పేరున్న ఫోల్డర్, అందులో మీడియా, ఆ లోపల వాట్సాప్ వీడియో, సెంట్... ఇలా వెళ్తే దొరుకుతుంది. అసలు ఫైల్ గ్యాలరీలో ఉందని చూసుకుని ఇక్కడి కాపీలు తీసేయొచ్చు. అదే వాట్సాప్ ఫోల్డర్‌లో డేటాబేసెస్ అని ఇంకోటి ఉంటుంది, రోజువారీ లోకల్ బ్యాకప్‌లు అందులోనే పడతాయి. వారం రోజులవి ఒక్కోటీ వందల ఎంబీలు ఉన్న ఫోన్లు చూశాను. పేరులో తేదీ ఉన్న పాతవి తీసేసినా ఇబ్బంది లేదు, తేదీ లేనిది అన్నిటికన్నా తాజాది, దాన్ని ముట్టుకోవద్దు.

ఒకే ఫోన్‌లో రెండు వాట్సాప్‌లు వాడేవాళ్ళు ఇదంతా రెండోదాంట్లో కూడా చేయాలి. దాని లెక్క దానిదే.

టెలిగ్రామ్‌లో సినిమాలు దింపాను, డిలీట్ చేశాను, కానీ...

ఆ సినిమాలు ఎక్కడివి అని నేను అడగను. టెలిగ్రామ్‌లో మీరు తెరిచిన ప్రతిదీ క్యాచీలోకి వెళ్తుంది, కాబట్టి ఈ ఒక్క యాప్‌లో క్యాచీ తుడిస్తే నిజంగానే గుట్టలకొద్దీ ఖాళీ అవుతుంది. యాప్‌లో సెట్టింగ్స్, డేటా అండ్ స్టోరేజ్, స్టోరేజ్ యూసేజ్. చాట్‌లో ఉన్నవి వాళ్ళ సర్వర్‌లో అలాగే ఉంటాయి, కావాలంటే మళ్ళీ దింపుకోవచ్చు. అక్కడే "కీప్ మీడియా" అని ఉంటుంది, దాన్ని వారానికి మారిస్తే ఆ తర్వాత అదే తుడుచుకుంటుంది. పని అయిపోయింది.

గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి కదా, ఫోన్‌లో డిలీట్ చేసేయొచ్చా?

ఎక్కడ డిలీట్ చేస్తున్నారు అన్నదాని మీద ఉంది. గూగుల్ ఫొటోస్ యాప్‌లోనే ఫొటో తెరిచి మామూలు డిలీట్ బొమ్మ నొక్కితే ఫోన్‌లోదీ పోతుంది, క్లౌడ్‌లోదీ (అంటే గూగుల్ సర్వర్‌లో దాచిన కాపీ) పోతుంది. క్లౌడ్‌లో ఉంచి ఫోన్‌లో మాత్రమే తీయాలంటే ఆ యాప్‌లోనే మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి, "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది. బ్యాకప్ అయిపోయినవాటిని మాత్రమే ఏరి ఫోన్‌లోంచి తీసేస్తుంది. నాకు తెలిసి ఉన్నవాటిలో ఇదే ఎక్కువ చోటు ఇచ్చే బటన్, తలనొప్పి కూడా తక్కువ.

నొక్కే ముందు రెండు చూసుకోండి. బ్యాకప్ పూర్తయిందా, ఏ అకౌంట్‌లోకి వెళ్ళింది. ఇంట్లో ముగ్గురి జీమెయిల్ ఒకే ఫోన్‌లో ఉంటే ఫొటోలు ఎవరి అకౌంట్‌లోకి పోతున్నాయో ఎవరికీ తెలీదు.

ఇంకో సంగతి. ఉచితంగా ఎన్నైనా దాచుకోవచ్చన్న రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు ఒక అకౌంట్‌కి 15 జీబీ, అందులోనే ఫొటోస్, జీమెయిల్, డ్రైవ్ మూడూ సర్దుకోవాలి. వాట్సాప్ గూగుల్ బ్యాకప్‌ని కూడా 2024లో ఇందులోనే కలిపేశారు. ఈ 15 నిండితే ఫొటోల బ్యాకప్ ఆగడమే కాదు, మెయిల్స్ కూడా రావు. ఉద్యోగాలకి అప్లై చేసి కాల్ లెటర్ కోసం చూసే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

బోలెడు డిలీట్ చేశాను, ఖాళీ ఒక్క ఎంబీ కూడా పెరగలేదు!

ట్రాష్‌లో ఉన్నాయి. గ్యాలరీలో డిలీట్ చేసినవి చాలా ఫోన్లలో 30 రోజులు "రీసెంట్లీ డిలీటెడ్"లోనో, ట్రాష్‌లోనో పడి ఉంటాయి, చోటు అలాగే తింటూ. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు. అక్కడికి వెళ్ళి ఖాళీ చేస్తేనే లెక్క. పొరపాటున తీసేసినవి వెనక్కి తెచ్చుకునే చోటు కూడా అదే కాబట్టి ఒకసారి పైపైన చూసి మరీ ఖాళీ చేయండి.

వీడియోలు ఇంత చోటు తింటాయని తెలీదు, ఎంత పడుతుంది?

ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్ తెరిస్తే యాపిల్ వాళ్ళే రాసి పెట్టారు: కుదించే పద్ధతిలో ఒక నిమిషం 1080పి, 30 ఫ్రేములకి సుమారు 60 ఎంబీ, అదే 4కె, 60 ఫ్రేములకి 400 ఎంబీ (1080పి, 4కె అంటే బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో, ఫ్రేములంటే సెకనుకి ఎన్ని బొమ్మలో). ఆండ్రాయిడ్‌లోనూ తేడా ఇంచుమించు ఇదే తీరులో ఉంటుంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడుస్తూ తొలిపావంచా దగ్గర కొంచెం, హనుమంతువాక దగ్గర కొంచెం, బీచ్ రోడ్డులో కొంచెం అని మొత్తం 20 నిమిషాలు 4కె, 60 ఫ్రేముల్లో తీశారనుకోండి, 8 జీబీ. అదే 1080పి అయితే జీబీ పైన కొంచెం. ఫోన్ తెర మీద చూస్తే ఆ తేడా ఎవరూ కనిపెట్టలేరు, వాట్సాప్‌లో పంపితే అది ఎలాగూ కుదించేస్తుంది.

2022 డిసెంబర్ 4న ఆర్కే బీచ్‌లో జరిగిన నేవీ డే విన్యాసాల వీడియోలు ఇప్పటికీ అలాగే మోస్తున్నవాళ్ళు నాకు తెలుసు. దూరంగా చుక్కలా హెలికాప్టర్, ముందు జనాల తలకాయలు. అలాంటివి ఒకసారి కూర్చుని చూస్తే మీకే అర్థమవుతుంది ఏది ఉంచాలో. పైనుంచి కిందకి వెతక్కండి, ఫైల్స్ యాప్‌లో వీడియోలని సైజు ప్రకారం పేర్చండి, మొదటి పదిలోనే సగం పని అయిపోతుంది.

64 జీబీ ఫోన్ కొన్నాను, సిస్టమే 18 జీబీ అంటోంది. మోసమా?

మోసం కాదు. ఆండ్రాయిడ్, కంపెనీ కలిపిన యాప్స్ అన్నీ ఆ 64లోనే ఉంటాయి. పైగా కేబీ, ఎంబీ, జీబీ అని ఒక్కో మెట్టు ఎక్కడానికి తయారీవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, కొన్ని చోట్ల 1024 చొప్పున చూపిస్తారు, ఆ లెక్కన 64 కాస్తా దాదాపు 59.6 అవుతుంది. సిస్టమ్ భాగాన్ని మీరు తగ్గించలేరు.

ఒకటి మాత్రం తగ్గించొచ్చు. ఈమధ్య ఫోన్లలో ర్యామ్ ప్లస్ అనో, మెమరీ ఎక్స్‌టెన్షన్ అనో పెడుతున్నారు, 4 జీబీ ర్యామ్‌ని (యాప్స్ నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక చోటు) 8 చేస్తామని. ఆ కలిపే నాలుగూ మీ స్టోరేజ్‌లోంచి కోసుకున్నవే. చోటు లేక అల్లాడుతున్న ఫోన్‌లో అది ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే ఆ జీబీలు వెనక్కి వస్తాయి.

రీసెంట్ యాప్స్ అన్నీ పైకి తోసేస్తే స్టోరేజ్ ఖాళీ అవుతుందా?

అవదు. అది ర్యామ్. స్టోరేజ్‌తో సంబంధం లేదు.

క్లీనర్ యాప్ ఏదైనా చెప్పండి.

చెప్పను. "మీ ఫోన్‌లో 3.2 జీబీ చెత్త, 5 వైరస్‌లు" అని ఎర్రగా మెరిసే యాప్స్‌లో ఎక్కువ భాగం చేసేది మీకు యాడ్స్ చూపించడమే. వేరే యాప్స్ లోపలి ఫోల్డర్లు తెరవడానికి కొత్త ఆండ్రాయిడ్ ఎవరినీ అంత తేలిగ్గా రానివ్వదు, కాబట్టి వాళ్ళు గొప్పగా చేయగలిగింది కూడా ఏమీ లేదు. ఒకప్పుడు ప్రతి ఫోన్‌లోనూ కనిపించిన క్లీన్ మాస్టర్ 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్స్ జాబితాలో ఉంది, ఇప్పటికీ పాత ఫోన్‌లో ఉంటే తీసేయండి. కావాలంటే గూగుల్ వాళ్ళ ఫైల్స్ యాప్ పెట్టుకోండి, డూప్లికేట్ ఫొటోలు, పెద్ద ఫైల్స్, వాడని యాప్స్ ఏరి చూపిస్తుంది, ఏది తీయాలో మిమ్మల్నే అడుగుతుంది, యాడ్స్ గోల లేదు.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్స్ ముట్టుకోవచ్చా?

క్యాచీ తుడవొచ్చు, డబ్బులకేం కాదు. డేటా తుడిస్తే మళ్ళీ మొదట్నించీ నంబర్ వెరిఫై చేసుకోవాలి, ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, ఎస్సెమ్మెస్ వెళ్ళడానికి బ్యాలెన్స్ ఉండాలి. యూపీఐ పిన్ బ్యాంకు దగ్గర ఉంటుంది కాబట్టి అది మారదు. అయినా ఈ యాప్స్‌ని తగ్గించి వచ్చే చోటు ఎంతని? పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు సంచిలో వేయించుకున్నాక యాప్ "వెరిఫై" అంటే వచ్చే ఇబ్బంది ముందు అదెంత. వదిలేయండి.

వాడని యాప్స్ తీసేయాలంటే మనసొప్పట్లేదు, ఎప్పుడైనా పనికొస్తాయేమో.

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో యాప్స్‌ని ఆర్కైవ్ చేసే సదుపాయం ఉంది, ఆన్ చేయండి. వాడని యాప్‌లో ఎక్కువ భాగం తీసేసి, మీ లాగిన్, డేటా ఉంచుతుంది, ఐకాన్ కూడా అక్కడే ఉంటుంది. కావాల్సిన రోజు నొక్కితే మళ్ళీ దిగుతుంది.

యూట్యూబ్, ఓటీటీ, మ్యాప్స్ సంగతి?

ఇవి మర్చిపోయే రకం. అరకు వెళ్ళేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుందని ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుంటారు, రైల్లో పిల్లలు గోల చేయకుండా కార్టూన్లు దింపుకుంటారు, అద్దాల బోగీలోంచి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాక ఆ కార్టూన్లు ఎవరూ చూడరు, తిరిగొచ్చాక తీసేయడం ఎవరికీ గుర్తుండదు. ఇవి క్యాచీలోకి రావు, క్యాచీ తుడిచినా పోవు. ఆయా యాప్స్‌లో డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి, మ్యాప్స్‌లో అయితే ప్రొఫైల్ నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్ళి తీయాలి. పాటల యాప్స్‌లోనూ అంతే.

మెమరీ కార్డు వేస్తే సమస్య తీరిపోతుందా?

కార్డు పెట్టే చోటు ఉంటే ఫొటోలు, వీడియోలు దాంట్లోకి పంపొచ్చు, కెమెరా సెట్టింగ్స్‌లో సేవ్ అయ్యే చోటు కూడా కార్డుకి మార్చొచ్చు. యాప్స్ మాత్రం చాలావరకు ఫోన్‌లోనే ఉంటాయి. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో ఆ స్లాటే లేదనుకోండి. బాగా చవగ్గా వస్తున్న పెద్ద కార్డులని నమ్మకండి, పైన 256 అని అచ్చు వేసి లోపల అంత లేనివి దొరుకుతున్నాయి, నిండాక పాత ఫొటోలు తెరుచుకోవు.

నాకైతే టైప్ సి పెన్‌డ్రైవ్ నచ్చుతుంది. ఫోన్‌కి గుచ్చి, ఫైల్స్ యాప్‌లో ముందు కాపీ చేయండి, పెన్‌డ్రైవ్‌లో తెరిచి రెండు మూడు వీడియోలు ఆడించి చూడండి, ఆ తర్వాతే ఫోన్‌లోవి తీయండి. నేరుగా "మూవ్" కొడితే మధ్యలో లాగేసినప్పుడు రెండు చోట్లా లేకుండా పోయే ప్రమాదం ఉంది. 4 జీబీ దాటిన వీడియో ఎక్కనంటే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉందని అర్థం, కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి, అందులో ఉన్నవి ముందు బయట పెట్టుకుని.

ఐఫోన్‌లో క్లియర్ క్యాచీ ఎక్కడుంది?

యాప్‌యాప్‌కీ అలాంటి బటన్ లేదు. సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్తే యాప్ మీద "ఆఫ్‌లోడ్" ఉంటుంది, అది యాప్‌ని తీసి మీ డేటా ఉంచుతుంది. ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఉబ్బిపోతే ఆఫ్‌లోడ్ వల్ల లాభం తక్కువ, యాప్ పూర్తిగా డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడమే, పాస్‌వర్డ్ గుర్తుంటేనే సుమా. సఫారీకి మాత్రం హిస్టరీ, వెబ్‌సైట్ డేటా తుడిచే చోటు ఉంది. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే కాబట్టి ఫొటోలకి అది ఎక్కువ రోజులు రాదు. వాట్సాప్, టెలిగ్రామ్ గురించి పైన చెప్పిన మేనేజ్ స్టోరేజ్, కీప్ మీడియా ఇక్కడా అంతే.

ఎంత ఖాళీ ఉంచుకోవాలి?

పది పదిహేను శాతం ఉంచుకోమంటాను. ఫోన్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ పాతదాని మీద నేరుగా రాయలేదు, ముందు ఒక గడి మొత్తం చెరిపి అప్పుడు రాయాలి. ఖాళీ గడులు లేనప్పుడు ప్రతి చిన్న పనికీ సర్దుబాట్లు చేసుకుంటూ కూర్చుంటుంది, ఫోన్ నత్తనడక నడిచేది అందుకే. యాప్ అప్‌డేట్లు, సిస్టమ్ అప్‌డేట్లు కూడా దిగి విప్పుకోవడానికి చోటు అడుగుతాయి.

ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తే?

ఇంత చిన్నదానికి అంత పెద్ద పని ఎందుకు? ఫోన్ అమ్మేటప్పుడో, మరీ మొరాయిస్తున్నప్పుడో చేయండి. చేసే ముందు గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, కొన్ని పద్ధతుల్లో రీసెట్ చేస్తే ఆ పాస్‌వర్డ్ ఇచ్చేదాకా ఫోన్ తెరుచుకోదు.

షాపులో ఇచ్చి చేయించుకోవచ్చా?

జగదాంబ దగ్గరకో, డాబాగార్డెన్స్‌కో వెళ్తే చేసిపెడతారు, కానీ లాక్ నంబర్ చెప్పి సాయంత్రం వస్తానని ఫోన్ వదిలేసి రాకండి. అందులో మీ ఇంటి ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి. పైన రాసినవేవీ షాపుకి వెళ్ళాల్సినంత పనులు కావు.

అమ్మానాన్నా వైజాగ్‌లో, నేను బెంగళూరులో. వాళ్ళ ఫోన్ ఎలా సర్దాలి?

వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ 2023 నుంచి ఉంది. ఆదివారం తీరిగ్గా కాల్ చేసి, అమ్మ చేత స్క్రీన్ షేర్ నొక్కించి, "కింద మూడోది నొక్కమ్మా, అది కాదు, దాని పైది" అంటూ చేయించండి. ఓపిక కావాలి, ముందే చెప్తున్నా. షేర్ నడుస్తుండగా బ్యాంకు యాప్ తెరవద్దని, ఓటీపీ వస్తే చదవొద్దని, మీరు కాకుండా ఇంకెవరు ఫోన్ చేసి స్క్రీన్ షేర్ అన్నా వెంటనే పెట్టేయమని అదే కాల్‌లో గట్టిగా చెప్పండి. మొదటి కాల్‌లో మొత్తం చేయాలనుకోవద్దు: వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోల టిక్కులు తీయించండి, ఫార్వర్డ్‌లు తీయించండి, అమ్మకి వినపడేలా "గుడ్ మార్నింగ్ ఫొటోలు వస్తూనే ఉంటాయి, వీడియోలు మాత్రం నొక్కితేనే దిగుతాయి" అని చెప్పండి, లేకపోతే మర్నాడు పొద్దున్నే వాట్సాప్ పాడైపోయిందని ఫోన్ వస్తుంది.